హాల్లో దివాన్ ఖాళీ అయింది

నాకు 64, మా ఆవిడకు 60. మల్కాజిగిరి ఇంట్లో మేమిద్దరమే. అయినా మూడేళ్లు ఆమె గదిలో, నేను హాల్లో దివాన్ మీద. పైకి చెప్పింది నా గురక. అసలు సంగతి, పడక మీద నా వల్ల కావడం లేదని నాకు సిగ్గు, కలిసినప్పుడు నొప్పిగా ఉంటోందని చెప్పడానికి ఆమెకు మొహమాటం.

ముందు తప్పు దారే పట్టాను. మెడికల్ షాపులో గొంతు తగ్గించి పటుత్వం కోసం వాడే ‘ఆ మాత్ర’ (వయాగ్రా లాంటిది) అడిగితే, చీటీ కూడా అడక్కుండా ఇచ్చాడు. అదృష్టం కొద్దీ వేసుకోకముందే మా గుండె డాక్టరుకు చూపించాను. ఆయన నా చొక్కా జేబు వైపు చూశారు. ఛాతీ నొప్పొస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ అందులోనే ఉంటుంది. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుందట! మాత్ర అక్కడే వదిలేశాను. కొన్ని బీపీ మందుల వల్లా పటుత్వం తగ్గుతుందని చెప్పి, నాది మార్చారు.

ఆమెను లేడీ డాక్టరు చూశారు. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి లోపల పొడిబారుతుందట. రాసుకునే క్రీమ్, నీటితో చేసిన జెల్ ఇచ్చారు. నెలన్నర పట్టింది. కొన్ని రాత్రులు ఊరికే కబుర్లే. అదీ బాగానే ఉంది.

దివాన్ మీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలు పెడుతోంది. గురక మాత్రం తగ్గలేదు.