కేతిగాడికి కీళ్లు కట్టడం

తోలుబొమ్మలాటలో కథ ఎంత గంభీరంగా నడుస్తున్నా మధ్యలో దూరి, బంగారక్కతో నాలుగు తిట్లు తిని పోయేవాడు కేతిగాడు. వేలు పెడితే ఊరుకోని బొమ్మ ఒకటి వెబ్ పేజీలో పెట్టాలనుకున్నప్పుడు నాకు ముందు వాడే గుర్తుకొచ్చాడు. చేయి మన వేలి వెంట తిరగాలి, తల మీద తడితే విసురుగా ఊపాలి. పని ఇంతే. దీనికి నేను వాడింది రైవ్. బ్రౌజరులోనే తెరుచుకునే సాఫ్ట్‌వేర్ అది. గీసిన బొమ్మకు ఎముకలు పెట్టి, కదలికలు ఇచ్చి, ఏది ఎప్పుడు కదలాలో కూడా అక్కడే చెప్పవచ్చు. ఫైలు బయటికి తీసుకునే వీలు ఏ ప్లానులో ఉందో మాత్రం మొదలుపెట్టే ముందే చూసుకోండి. బొమ్మంతా పూర్తయ్యాక చూస్తే ఉసూరుమంటుంది.

నేను 2004లో అమీర్‌పేటలో ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నవాడిని. 2020 డిసెంబరు 31తో, ఆ బొమ్మలను బ్రౌజరులో ఆడించే ఫ్లాష్ ప్లేయర్ కథ ముగిసింది కానీ అప్పటి అలవాటు ఒకటి నన్ను వదల్లేదు. కదలిక గురించి ఆలోచించే ముందు కీలు ఎక్కడో తేల్చుకోవడమే ఆ అలవాటు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో కొన్న తోలుబొమ్మ ఒకటి నా బల్ల పక్కన వేలాడుతోంది. తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ తెచ్చిన కళ ఆ ఊరిది. బొమ్మ భుజం దగ్గర చూడండి. రెండు తోలు ముక్కలకూ ఒకే చోట చిల్లు, అందులోంచి దారం, రెండు వైపులా ముడి. ముడి ఒక వేలెడు పక్కకు జరిగితే చేయి భుజం నుంచి కాక పక్కటెముకల నుంచి మొలిచినట్టు తిరుగుతుంది. కంప్యూటర్‌లోనూ అచ్చం ఇంతే.

ముందు ముక్కలు గీయాలి. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అది చాలు. తల, మొండెం, దండచేయి, ముంజేయి, రెండు కాళ్లు వేటికవే విడిగా ఉండాలి. భుజం, మోచేయి దగ్గర ముక్క చివరను గుండ్రంగా గీసి, పక్క ముక్క కిందికి దూర్చండి. మొదటిసారి నేను కత్తిరించినట్టు సరిగ్గా అంచుకు అంచు ఆనించాను. చేయి ఎత్తగానే చంకలో సన్నని చీలిక కనిపించింది.

తోలుబొమ్మ అందమంతా వెలుతురు జల్లించే చిల్లుల్లోనే ఉంటుంది. వాటిని నిజంగా చిల్లులుగా కోయకండి. నేను ఫొటో మీద గీస్తూ రెండు వందల పైచిలుకు కోశాను, పాత ఫోనులో కేతిగాడు నత్తలా నడిచాడు. తెర వెనక దీపం రంగు ఏదైతే ఆ లేత పసుపుతో చుక్కలు పెట్టండి. ముప్ఫై చుక్కలకే కన్ను మోసపోతుంది.

గీసినదాన్ని ఎస్‌విజి అనే రకం ఫైలుగా దాచి, రైవ్‌లో బొమ్మ పరిచే పలక, అంటే ఆర్ట్‌బోర్డు మీదికి లాగండి. ఎడమవైపు జాబితాలో పైనున్నది ముందు కనిపిస్తుంది కాబట్టి, ఏ చేయి మొండానికి ముందో ఏది వెనకో అక్కడే సర్దండి. తర్వాత ఎముకలు పెట్టే బోన్ పనిముట్టు. భుజం మీద ఒక నొక్కు, మోచేయి మీద ఒకటి, మణికట్టు మీద ఒకటి. రెండు ఎముకలు తయారు. దండచేయి ముక్కను మొదటి ఎముక కిందికి, ముంజేయిని రెండో ఎముక కిందికి జాబితాలోనే లాగి పడేయండి.

రైవ్ పాఠాలు చాలావరకు ఇక్కడ ముక్క మీద మెష్ అనే వల అల్లి, చర్మం వంగేలా చేయమంటాయి. మనకు వద్దు. తోలు వంగదు, కీలు దగ్గర తిరుగుతుంది అంతే. ఆ బిరుసుతనమే తోలుబొమ్మ నడక. దాన్ని మెత్తబరిస్తే కేతిగాడు రబ్బరు బొమ్మయిపోతాడు.

ఇప్పుడు చేతికర్ర. ఆటలో బొమ్మ ముంజేతిని కర్రతో ఆడిస్తారు, మోచేయి దానంతటదే సర్దుకుంటుంది. రైవ్‌లో ఆ పని చేసేది ఐకె కన్‌స్ట్రెయింట్. మణికట్టు దగ్గర ఒక ఖాళీ గ్రూపు పెట్టి దానికి ‘కర్ర’ అని పేరు పెట్టండి. ముంజేతి ఎముకకు ఐకె తగిలించి, ‘కర్ర’ను లక్ష్యంగా చూపండి. కర్రను లాగి చూస్తే చేయంతా వెంట వస్తుంది. మోచేయి విరిగినట్టు అటువైపు వంగితే కంగారు పడకండి, దిశ తిరగేసే గడి అక్కడే ఉంటుంది.

ట్యాబ్ మీట నొక్కితే యానిమేట్ పద్ధతిలోకి వెళ్తారు. రెండు టైమ్‌లైన్లు, అంటే రెండు కదలికల పట్టీలు చాలు. మొదటిది ‘ఊపిరి’. రెండు సెకన్లు, మొండెం రెండు డిగ్రీలు అటూ ఇటూ, మళ్లీ మళ్లీ తిరిగేలా. రెండోది ‘విసురు’. ఆరు పదుల ఫ్రేములకు మించకుండా, ఒక్కసారే ఆడేలా. తలను ముందు ఎనిమిది డిగ్రీలు వెనక్కి లాగి, తర్వాత ఇరవై డిగ్రీలు ముందుకు విసరండి. వెనక్కి లాగకుండా విసిరితే అందులో కోపం ఉండదు. ఈ రెండింటిలోనూ ‘కర్ర’ను ముట్టుకోవద్దు. దాని మీద ఒక్క కీ, అంటే ఈ క్షణానికి ఇక్కడుండాలనే గుర్తు ఒక్కటి పడినా వేలికీ టైమ్‌లైన్‌కూ పంచాయితీ మొదలై చేయి వణుకుతుంది.

ఇక స్టేట్ మెషీన్. ఏ కదలిక తర్వాత ఏది రావాలో గడుల మధ్య బాణాలు గీసి చెప్పే చోటు ఇది. ఎంట్రీ అనే మొదటి గడి నుంచి ‘ఊపిరి’కి ఒక బాణం. ‘తట్టు’ అనే ట్రిగ్గర్ ఇన్‌పుట్, అంటే ఒక్కసారి మోగే గంట లాంటిది చేసి, ‘ఊపిరి’ నుంచి ‘విసురు’కు వెళ్లే బాణానికి దాన్ని షరతుగా పెట్టండి. ‘విసురు’ నుంచి వెనక్కి మరో బాణం. నా సాయంత్రమంతా తిన్నది ఈ చివరి బాణమే. దానికి షరతు లేదు కాబట్టి ‘విసురు’లోకి వెళ్లిన మరుక్షణమే బయటికి వచ్చేస్తోంది. నేనేమో తల కదలడం లేదని, వేలి తాకిడిని కనిపెట్టే లిజనర్లను తిడుతూ కూర్చున్నాను. ఆ బాణానికి ఎగ్జిట్ టైమ్ నూరు శాతం పెడితే తల పూర్తిగా ఊగాకే వెనక్కి వస్తుంది. ఇప్పుడు ఇన్‌పుట్లకు బదులు డేటా బైండింగ్ అనే కొత్త పద్ధతి ఉంది కానీ, ఒక్క బొమ్మకు అంత హంగు అక్కర్లేదు.

లిజనర్లు రెండు. తల మీద పాయింటర్ డౌన్ (వేలు ఆనించడం), దానికి ‘తట్టు’ మోగాలి. బొమ్మ వెనక తెరలా పరిచిన ముక్క మీద పాయింటర్ మూవ్ (వేలు కదపడం), దానికి లక్ష్యాన్ని వేలి దగ్గరికి తెచ్చే అలైన్ టార్గెట్ చర్య, లక్ష్యం ‘కర్ర’. ఫోనులో మౌసు ఉండదు కాబట్టి నొక్కకుండా పైన మౌసు తిప్పితే చాలు అనే చర్య మీద ఏదీ ఆధారపడకూడదు. ఫోను తెర మొత్తం బొమ్మతో నింపకండి. వేలు బొమ్మను ఆడిస్తుందే తప్ప పేజీ జరగదు, చదివేవాడు చిక్కుకుపోతాడు. పక్కన రెండు వేళ్ల ఖాళీ వదలండి.

పేజీలో పెట్టేటప్పుడు కోడ్‌లో స్టేట్ మెషీన్ పేరు ఎడిటర్‌లో ఉన్నట్టే ఇవ్వాలి. ఒక్క అక్షరం తప్పినా వేలికి పలకదు. పేజీ ఫైలును నేరుగా ఫోల్డర్‌లోంచి తెరిస్తే బొమ్మే రాదు, మన కంప్యూటర్‌లోనే నడిచే చిన్న లోకల్ సర్వర్ నుంచి తెరవాలి. ఫోనులో మసకగా కనిపిస్తే, లోడయ్యాక డ్రాయింగ్ సర్ఫేస్‌ను, పేజీలో బొమ్మ కనిపించే కాన్వాస్ కొలతకు సరిపెట్టే కోడ్ పిలుపు మరిచిపోయారన్నమాట.

అంతా అయ్యాక మా అక్క కూతురి చేతికి ఫోను ఇచ్చాను. ఏడేళ్ల పిల్ల. తల జోలికే పోలేదు, చేతిని పట్టించుకోలేదు, నేరుగా పొట్టలో పొడిచింది. అక్కడ నేనేమీ పెట్టలేదు. “మామయ్యా, వీడు నిద్రపోయాడా?” అంది. కాబట్టి మూడో లిజనర్ పొట్ట మీద పెట్టుకోండి.