పొలంలో గ్యాస్ పైపులైను: అభ్యంతరానికి, నష్టపరిహారానికి దరఖాస్తు విధానం

కోనసీమలో గానీ, నరసాపురం వైపు గానీ గ్యాస్ పైపులైను వేయదలచినప్పుడు కంపెనీ ప్రతినిధులు సాధారణంగా ముందు గ్రామానికి వచ్చి, రైతులను పంచాయతీ కార్యాలయంలోనో రామాలయం అరుగు మీదనో కూర్చోబెట్టి, లైను ఎటు పోతుందో మ్యాపు పరచి చెబుతారు. అక్కడ మనం లేవనెత్తిన అభ్యంతరం గానీ, వారిచ్చిన హామీ గానీ దరఖాస్తు కింద లెక్కకు రాదు. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం ప్రకారం అభ్యంతరాన్ని రాతపూర్వకంగా, గడువులోగా అందజేయాలి.

ఈ చట్టం కింద భూమిని తీసుకోరు, దాని అడుగున గొట్టం వేసుకునే వినియోగ హక్కును మాత్రమే తీసుకుంటారు. పట్టా రైతు పేరనే ఉంటుంది, ఆ మేర సార్వా, దాళ్వా వరి వేసుకోవచ్చు. అయితే అక్కడ ఇల్లు కట్టకూడదు, నుయ్యి గానీ చెరువు గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి చేనుకు ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. కొబ్బరి తోటకు, రొయ్యల చెరువు తవ్వుకుందామనుకున్న భూమికి మాత్రం అసలు నష్టం ఇదే.

కేంద్ర గెజిట్‌లో సర్వే నంబర్లతో ప్రకటన వెలువడి, దాని ప్రతులు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తేదీ నుంచి 21 రోజుల్లో అభ్యంతరం ఇవ్వాలి. ఆ ప్రకటనలో పేర్కొన్న కాంపిటెంట్ అథారిటీ (అభ్యంతరాలు విని, పరిహారం నిర్ణయించే అధికారి) పేరున తెల్లకాగితం మీద, సర్వే నంబరు, విస్తీర్ణం, అభ్యంతరానికి కారణం రాసి, పాసుపుస్తకం, అడంగల్ నకళ్లు జతచేసి ఇస్తే సరిపోతుంది. ఇచ్చిన కాగితం రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరువరాదు. విచారణకు స్వయంగా హాజరు కావచ్చు, న్యాయవాదిని పంపవచ్చు.

‘మాకు ఇష్టం లేదు’ అని రాసిన కాగితం నిలవడం కష్టం. ప్రకటన నాటికే ఆ స్థలం నివాసానికి వాడుకలో ఉన్నా, అక్కడ పక్కా కట్టడం ఉన్నా, అది ఇంటికి ఆనుకుని ఉన్న దొడ్డి అయినా దాని కింద లైను వేయకూడదని, ఎక్కడైనా గొట్టం నేల మట్టం నుంచి మీటరు కంటే తక్కువ లోతులో ఉండకూడదని చట్టమే చెబుతోంది. ఇలాంటి కారణం ఉంటే ముందు దాన్నే రాయాలి. 2014 జూన్‌లో కోనసీమలోని ‘నగరం’ అనే గ్రామంలో పైపులైను పేలుడును చూసిన ప్రాంతం కనుక, ఇంటికీ లైనుకూ మధ్య దూరాన్ని కొలిచి మీటర్లలో పేర్కొనడం మంచిది.

పరిహారం దరఖాస్తుకు సన్నాహం యంత్రం పొలంలో దిగక ముందే మొదలు కావాలి. తొలగించబోయే కొబ్బరి చెట్లను లెక్కపెట్టి, ఒక్కో దింపుకు ఎన్ని కాయలు వస్తున్నాయో రాసి పెట్టుకోవాలి. గట్టు, పంట బోదె, మురుగు కోడు ఎలా ఉన్నాయో తేదీ కనిపించేలా ఫోటోలు తీయాలి. కందకం పూడ్చేటప్పుడు పైమట్టి అడుగుకు, అడుగుమట్టి పైకి వస్తే ఆ చాలు మేర పైరు ఎదగదు. మొదటి వానలకే నేల కుంగి నీరు నిలుస్తుంది. ఈ నష్టం కోతల దాకా కంటికి ఆనదు కనుకనే పాత ఫోటోలు అవసరం. తీసేసిన చెట్లు, పైరు, పొలం తాత్కాలికంగా రెండు ముక్కలు కావడం, ఇతర ఆస్తికి లేదా ఆదాయానికి కలిగిన నష్టం, ఇవన్నీ పరిహారం లెక్కలోకి వస్తాయి. ప్రకటన వెలువడిన తర్వాత కట్టినవి మాత్రం రావు.

దీనికి అదనంగా, ప్రకటన తేదీ నాటి మార్కెట్ విలువలో 10 శాతం వినియోగ హక్కు కింద చెల్లించాలి. రిజిస్ట్రేషన్ విలువ అసలు ధర కంటే తక్కువగా ఉంటే, చుట్టుపక్కల భూముల విక్రయ దస్తావేజుల నకళ్లు జతచేయాలి. పరిహారం పట్టాదారుకే పరిమితం కాదు, అనుభవ హక్కు దెబ్బతిన్న వారికీ వర్తిస్తుంది. డెల్టాలో చాలా పొలాలు కౌలు మీదే సాగుతున్నాయి కాబట్టి కౌలుదారు తన సాగు పత్రంతో పంట నష్టానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

నిర్ణయించిన మొత్తం సమ్మతం కాకపోతే రైతు గానీ, కంపెనీ గానీ జిల్లా జడ్జికి దరఖాస్తు చేసుకోవచ్చు. అందుకు కాంపిటెంట్ అథారిటీ ఉత్తర్వు నకలు, ముద్ర వేయించుకున్న అభ్యంతర పత్రం రెండో ప్రతి దగ్గర ఉంచుకోవాలి.