లాస్ బాన్యోస్‌లో మీ టీమ్ పిల్లల గురించి

ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో ఉన్న ఇరి (అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ)లో చేరడానికి వస్తున్న తెలుగు శాస్త్రవేత్తలు ఇల్లు, వీసా, కందిపప్పు దొరికే కొట్టు గురించి ముందే ఆరా తీస్తారు. అవి నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి. మీ కింద పనిచేయబోయే ఫిలిప్పీన్స్ కుర్రాళ్లతో, అమ్మాయిలతో ఎలా మెలగాలో మాత్రం ఎవరూ చెప్పరు. మీ ప్రాజెక్టు నడిచేది వాళ్ల చేతుల మీదే.

వాళ్లలో చాలామంది మాకిలింగ్ కొండ కింద, పక్కనే ఉన్న యూనివర్సిటీలో వ్యవసాయమో బయాలజీయో చదివినవాళ్లు. కొందరు దూరపు దీవుల్లోని రైతు కుటుంబాల నుంచి వస్తారు. ఇంగ్లీషు బాగా వచ్చు కాబట్టి మాటకు ఇబ్బంది ఉండదు. ఇబ్బందల్లా మౌనంతోనే. మీరు కొత్త పద్ధతి వివరిస్తే అందరూ "ఎస్ సర్", "ఎస్ మామ్" అంటారు. అది మర్యాద. అర్థమైందని అనుకోవద్దు. పెద్దవాళ్లను తిరిగి అడగడానికి వాళ్లకు చాలా మొహమాటం. అందుకే "అర్థమైందా?" అని కాకుండా "రేపు పొద్దున ముందు ఏం మొదలుపెడతావు?" అని అడగండి.

క్రాసింగ్ పనే, అంటే ఒక వరి రకం పుప్పొడితో ఇంకో రకాన్ని సంకరం చేయడమే చూడండి. విచ్చుకోని వరి పువ్వు పైభాగం కత్తెరతో కోసి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులనూ సన్నని గొట్టంతో పీల్చేయాలి. కంకికి కవరు తొడిగి, తేదీ రాసిన ట్యాగు కట్టాలి. మర్నాడు పువ్వులు విచ్చే వేళకు మగ మొక్క పుప్పొడి దులపాలి. ఒక్క తిత్తి మిగిలినా ఆ పువ్వు తన పుప్పొడితోనే గింజ కట్టేస్తుంది. ఆ సంగతి బయటపడేది తర్వాతి పంటలో, మొక్కలు అచ్చం తల్లిలాగే పెరిగినప్పుడు. కాబట్టి మొదటి రోజు మీరు చేసి చూపించి, ఆ తర్వాత వాళ్లు చేస్తుంటే పక్కనే నిలబడండి. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్న ఫీల్డ్ సిబ్బంది ఉంటారు. వాళ్లను కూయా (అన్న), ఆతే (అక్క) అని పిలవండి. వాళ్ల దగ్గర మీరూ నేర్చుకోవచ్చు.

తప్పు కనిపిస్తే పదిమందిలో అనకండి, గ్రూప్ చాట్‌లో అసలే వద్దు. పక్కకు పిలిచి నెమ్మదిగా చెబితే అదే మనిషి మర్నాడు రెట్టింపు శ్రద్ధతో వస్తారు. నలుగురిలో పరువు పోయిందనుకుంటే ఆ తర్వాత జరిగిన పొరపాట్లు మీ దాకా రావు, డేటాలో ఉండిపోతాయి. మెరియెండా వేళ, అంటే టీ టిఫిన్ల టైములో, వాళ్లతో కూర్చోండి. లాబ్‌లో నోరు విప్పనివాళ్లు అక్కడ మాట్లాడతారు. మాంసం తినకపోతే ముందే చెప్పండి, ఏమీ అనుకోరు.

తుఫాను హెచ్చరిక వస్తే ముందు వాళ్ల ఇంటివాళ్లు ఎలా ఉన్నారో అడగండి. మడుల సంగతి తర్వాత.

స్వర్ణ కథ వాళ్లకు తప్పకుండా చెప్పండి. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన ఈ వరి రకంలోకి, ఒడిశా దేశవాళీ వరి ఎఫ్ఆర్13ఎ నుంచి ముంపును తట్టుకునే సబ్1 జన్యువును తెచ్చింది లాస్ బాన్యోస్‌లోనే. స్వర్ణ సబ్1 రెండు వారాల దాకా ముంపును తట్టుకుంటుంది. 2009లో మన దేశంలో విడుదలైంది. ఆ పని మీద 2007లో వచ్చిన పరిశోధన పత్రంలో మొదటి పేరు హైదరాబాద్ శాస్త్రవేత్త సి.ఎన్. నీరజది. అదే వరుసలో ఫిలిప్పీన్స్ వాళ్ల పేర్లూ ఉన్నాయి. మీ పత్రంలో ఎవరి పేరు ఎందుకు ఉంటుందో పని మొదలైన రోజే చెప్పేయండి. ఏడాదంతా ఎండలో కొలతలు తీసిన పిల్ల పేరు కృతజ్ఞతల్లో ఒక్క లైనుతో సరిపెట్టడం అన్యాయం.

చాలామందివి కాంట్రాక్టు ఉద్యోగాలు, ప్రాజెక్టుతోనే అయిపోతాయి. ఆ టెన్షన్ పైకి చెప్పరు. అక్కడి వ్యవసాయ పట్టభద్రులు రాసే లైసెన్సు పరీక్ష రాయాలా, ఎంఎస్ చేయాలా అని మొదటి నెలలోనే అడగండి. ఎంఎస్ చేస్తామంటే వాళ్ల ప్రభుత్వ సైన్స్ శాఖ, డీఓఎస్‌టీ, స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. గడువు తేదీ మీ క్యాలెండర్లో కూడా రాసుకోండి. సిఫార్సు లేఖ కావాలని వాళ్లంతట వాళ్లు అడగలేరు, మీరే "ఎప్పటికి కావాలి?" అని అడగండి.