గ్రాఫిక్స్ కార్డుకు వేసవి పేస్టు: ముందు హీట్‌సింక్ ఏ లోహమో చూడండి

గత వారం విజయనగరంలో మా మరమ్మతు బల్ల మీదికి వచ్చిన ఒక గ్రాఫిక్స్ కార్డును విప్పితే, హీట్‌సింక్ (చిప్ వేడిని లాగేసే లోహపు దిమ్మ) అడుగుభాగం బూడిదరంగుకు తిరిగి, గోటితో గీకగానే పాతగోడ సున్నపు పెచ్చులా పొడిపొడిగా రాలింది. ఎండలు ముదరకముందే కార్డును చల్లబరచాలని దాని యజమాని, ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, చిప్ నుంచి హీట్‌సింక్‌కు వేడిని దాటించే పాత పేస్టు తుడిచేసి, బదులుగా లిక్విడ్ మెటల్ అనే ద్రవలోహం పూశాడు. హీట్‌సింక్ అల్యూమినియంది. కరెంటు తీసి పని మొదలుపెట్టడం వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటిని ఇక్కడ రాయడం లేదు.

ఏ పేస్టు కొనాలి

ట్యూబు మీద ఉష్ణవాహకత అంకె చూసి కొనడమే అసలు పొరపాటు. మామూలు పేస్టుల మీద 8 అనో 12 అనో ఉంటుంది. కండక్టోనాట్ అనే లిక్విడ్ మెటల్‌కు తయారీదారు చెప్పే అంకె 73. కుర్రవాళ్లు అక్కడే పడిపోతారు. చిప్‌కూ హీట్‌సింక్‌కూ నడుమ మిగిలే పొర మిల్లీమీటరులో కొన్ని వందోవంతులే కాబట్టి, 8కీ 12కీ ఉన్న తేడా వాడకంలో రెండు మూడు డిగ్రీలకు మించి కనబడదు. ఇక్కడ చూడవలసింది చిక్కదనం. ప్రాసెసర్‌కు ఉన్నట్టు గ్రాఫిక్స్ చిప్‌కు సాధారణంగా లోహపు మూత ఉండదు; వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ సిలికాన్ కొద్దిగా వంగి సర్దుకుంటూ పలుచని పేస్టును అంచులకు నెట్టేస్తుంది. అందుకే చైత్రంలో చల్లగా ఉన్న కార్డు వైశాఖానికి మళ్లీ కాగుతుంది. చిక్కటి పేస్టు గాని, పేస్టుకు బదులు పెట్టే, 45 డిగ్రీల దగ్గర మెత్తబడే హనీవెల్ కంపెనీ పీటీఎం7950 షీటు గాని వాడండి.

లిక్విడ్ మెటల్ సంగతి

ఇందులో ప్రధానమైనది గాలియం అనే లోహం. ఇంట్లోని సత్తు గిన్నెలాగే చవక హీట్‌సింక్ కూడా అల్యూమినియమే. గాలియం దాని రేణువుల మధ్యకు చొరబడి పెళుసు చేస్తుంది. పైగా లిక్విడ్ మెటల్ విద్యుత్తును మోస్తుంది కనుక, చిప్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల మీద ఆవగింజంత బొట్టు జారినా షార్ట్ అవుతుంది. ఆ విద్యార్థి కార్డుకు రెండూ జరిగాయి. రంగు చూసి లోహాన్ని తేల్చకండి, నికెల్ పూత వేసిన రాగి కూడా తెల్లగానే ఉంటుంది. అడుగు రాగిదే అయినా రెక్కలు అల్యూమినియంవి కావచ్చు. అల్యూమినియం మీద లిక్విడ్ మెటల్ వేయవద్దు.

పాత పేస్టును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, కరోనా నాటి శానిటైజర్‌తో కాదు. సిలికాన్ మీద బ్లేడు పెట్టవద్దు. పేస్టు చిప్‌ను మూలలతో సహా కప్పాలి, ఎందుకంటే మూత లేని చిప్‌లో కప్పని మూల విడిగా కాగుతుంది. మెమరీ చిప్‌లకూ హీట్‌సింక్‌కూ నడుమ ఉండే మెత్తటి ప్యాడ్ల మందం కొలవకుండా కొత్తవి కొనవద్దు. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింక్ చిప్‌కు ఆనకపోవచ్చు. సముద్రతీరంలోని కళింగపట్నం వైపు నుంచి వచ్చే కార్డుల స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి, సరిపోయే స్క్రూడ్రైవర్ లేకపోతే అసలు మొదలుపెట్టవద్దు. ఫ్యాన్ తీగ పట్టుకుని లాగవద్దు. స్క్రూలను ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించండి. పేస్టు బదులు టూత్‌పేస్టు పూయమనే వీడియోలు నమ్మవద్దు. లోహం ఏదో తెలియకపోతే అల్యూమినియమే అనుకోండి, లిక్విడ్ మెటల్ వేయవద్దు. ఇప్పటికే పూసి ఉంటే, పనిచేస్తోంది కదా అని వదలకుండా ఈ రోజే విప్పి హీట్‌సింక్ చూడండి.