వీడియో కాల్స్‌ను లోపలి నెట్‌వర్క్ నుంచి టెలిఫోను లైన్లకు, అక్కడి నుంచి లోపలికి మళ్ళించే పద్ధతి

కార్యాలయంలోని లోకల్ నెట్‌వర్క్‌కు కలిపిన వీడియో కాన్ఫరెన్స్ టెర్మినల్ హెచ్.323 పద్ధతిలో, ప్యాకెట్ల రూపంలో మాట్లాడుతుంది. టెలిఫోను లైనుకు అవతల ఉన్న ఐఎస్‌డీఎన్ (డిజిటల్ టెలిఫోను లైన్ల పద్ధతి) టెర్మినల్ హెచ్.320 పద్ధతిలో, ఎడతెగకుండా సాగే 64 కిలోబిట్ల చానెళ్ళ మీద మాట్లాడుతుంది. ఈ రెండింటి నడుమ దుబాసీ వంటిది గేట్‌వే. దాన్ని అమర్చబోయేవారు మొదటే గ్రహించవలసిన సంగతి ఏమిటంటే, గేట్‌వే గుండా వెళ్ళేది ఒక కాల్ కాదు, అతికించిన రెండు కాల్స్. నెట్‌వర్క్ వైపు సగానికి ఒక నంబరు, ఒక వేగం, విఫలమయ్యేందుకు కొన్ని కారణాలు ఉంటాయి. లైను వైపు సగానికి అవన్నీ వేరే ఉంటాయి. ఈ తేడా మరవకుండా పని చేస్తే లోపం ఏ సగంలో ఉందో త్వరగా తెలుస్తుంది.

పరికరాన్ని పెట్టెలోంచి తీయకముందే నంబర్ల పట్టికను కాగితం మీద రాసుకోవాలి. ఉదాహరణకు లోపలి టెర్మినళ్ళకు 5001 నుంచి 5099 వరకు, సమావేశ గదులకు 7001 నుంచి 7020 వరకు కేటాయించామనుకుందాం. అప్పుడు బయటికి వెళ్ళే కాల్స్‌కు 8తో మొదలయ్యే ప్రిఫిక్స్‌లను ఉంచుకోవచ్చు: 81 నొక్కితే సెకనుకు 128 కిలోబిట్ల వీడియో కాల్, 83 నొక్కితే 384 కిలోబిట్ల వీడియో కాల్, 89 నొక్కితే మామూలు ఫోను కాల్. ఇక లోపల ఏ టెర్మినల్‌కూ 8తో మొదలయ్యే నంబరు ఇవ్వకూడదు. ఇప్పుడు ఈ నియమాన్ని సడలిస్తే, కొన్ని నెలల తరువాత ఎవరో కొత్త టెర్మినల్‌కు 8301 అని నంబరు పెట్టిన రోజున, దానికి చేసిన కాల్ బయటి లైను మీదికి పోయే ప్రమాదం ఉంటుంది. కారణం వెతకడం అప్పుడు చాలా కష్టమవుతుంది.

తరువాత చానెళ్ళ లెక్క చూసుకోవాలి. ఐఎస్‌డీఎన్ బేసిక్ లైనులో మాటకు, చిత్రానికి పనికివచ్చే 64 కిలోబిట్ల చానెళ్ళు రెండే ఉంటాయి. ప్రైమరీ లైనులో ఈ1 రకమైతే 30, టీ1 రకమైతే 23 ఉంటాయి. 384 కిలోబిట్ల వీడియో కాల్ ఒక్కటే ఆరు చానెళ్ళను తీసుకుంటుంది కనుక ఈ1 లైను మీద ఒకేసారి ఐదు కాల్స్, టీ1 మీద మూడు కాల్స్ మాత్రమే సాగుతాయి. నెట్‌వర్క్ వైపు లెక్క వేరు. అక్కడ ప్రతి ప్యాకెట్‌కు ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ శీర్షికలు కలిపి 40 బైట్లు అదనంగా చేరతాయి కనుక, 384 కిలోబిట్ల కాల్‌కు దాదాపు ఐదో వంతు ఎక్కువ బ్యాండ్‌విడ్త్ కేటాయించడం క్షేమం.

గేట్‌వేను గేట్‌కీపర్ (ఏ నంబరు కాల్ ఎక్కడికి పోవాలో చెప్పే సర్వర్) దగ్గర నమోదు చేయించడం తరువాతి మెట్టు. ఈ నమోదు సందేశాలు యూడీపీ 1719 పోర్టు మీద, కాల్ సంకేతాలు టీసీపీ 1720 పోర్టు మీద నడుస్తాయి. నమోదయ్యేటప్పుడే గేట్‌వే తన ప్రిఫిక్స్‌లను గేట్‌కీపర్‌కు తెలియజేస్తుంది. లోపలివారు 83 తరువాత బయటి నంబరు నొక్కితే గేట్‌కీపర్ ఆ ప్రిఫిక్స్‌ను గుర్తించి కాల్‌ను గేట్‌వేకు అప్పగిస్తుంది; గేట్‌వే 83ను తీసివేసి మిగిలిన అంకెలను లైను మీద నొక్కుతుంది. గేట్‌వేలు రెండు ఉన్నచోట, చానెళ్ళు నిండబోతున్న సంగతిని గేట్‌కీపర్‌కు ముందుగా తెలిపే ఆర్‌ఏఐ సందేశాన్ని రెండింటిలోనూ ఆన్ చేయాలి. అది లేకపోతే రెండో గేట్‌వే ఖాళీగా ఉండగానే కాల్స్ మొదటిదాని దగ్గర తిరస్కరణకు గురవుతాయి.

బయటికి పంపడం కన్నా లోపలికి రప్పించడమే కష్టం. లోపలి వ్యక్తికి నెట్‌వర్క్ నంబర్లన్నీ అందుబాటులో ఉంటాయి. బయటి వ్యక్తికి తెలిసినది ఒక టెలిఫోను నంబరు మాత్రమే. ఆ కాల్‌ను ఏ గదికి చేర్చాలో గేట్‌వేకు తెలియజేసే మార్గాలు ముఖ్యంగా నాలుగు ఉన్నాయి. టెలిఫోను సంస్థ నంబర్ల వరుసను ఇస్తే, చివరి అంకెలను బట్టి ప్రతి నంబరును నేరుగా ఒక టెర్మినల్‌కు ముడిపెట్టవచ్చు. డయల్ చేసేవారికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు కనుక, వీలున్న ప్రతిచోటా దీన్నే ఎంచుకోమని నా సలహా. నంబర్ల వరుస దొరకనప్పుడు, కాల్ ఎత్తగానే ఎక్స్‌టెన్షన్ నొక్కమని అడిగే ఐవీఆర్‌ను పెట్టవచ్చు. మూడోది టీసీఎస్4 పద్ధతి: ఇందులో అవతలి హెచ్.320 టెర్మినల్ ప్రధాన నంబరుతో పాటే ఎక్స్‌టెన్షన్‌ను కూడా పంపుతుంది. అవతలి పరికరం దీన్ని అర్థం చేసుకోగలిగితేనే ఇది పనికివస్తుంది. ఈ మూడూ ఫలించని కాల్ ఎక్కడికి పోవాలో చెప్పే డిఫాల్ట్ ఎక్స్‌టెన్షన్ నాలుగోది. మనుషులు ఎప్పుడూ ఉండే చోటినే దానికి ఎంచుకోవాలి.

లోపలికి వచ్చే వీడియో కాల్స్‌లో మరొక చిక్కు ఉంది. ఆరు చానెళ్ళ కాల్ మొదట ఒక్క చానెల్ మీదే వస్తుంది. అది కలిసిన తరువాత మిగిలిన చానెళ్ళకు ఏ నంబర్లు నొక్కాలో మన గేట్‌వేయే అవతలి పరికరానికి చెబుతుంది. బాండింగ్ అనే ఏర్పాటు ఇదే. మన లైన్ల నంబర్లను గేట్‌వేలో తప్పుగా నమోదు చేస్తే మొదటి చానెల్ చక్కగా కలుస్తుంది, మిగిలినవి కలవవు, కాసేపటికి కాల్ తెగిపోతుంది. ప్రైమరీ లైనులో చానెళ్ళన్నీ సాధారణంగా ఒకే నంబరు కింద ఉంటాయి. బేసిక్ లైన్లను కలిపి వాడినప్పుడు ప్రతి లైనుకూ దాని నంబరును సరిచూసి రాయాలి.

వచ్చిన కాల్ వీడియోదా, మామూలు ఫోనుదా అన్నది గేట్‌వే నంబరును చూసి కాక, కాల్‌తో పాటు వచ్చే బేరర్ సమాచారాన్ని చూసి నిర్ణయిస్తుంది. వీడియో కాల్ పరిమితి లేని డిజిటల్ డేటాగా, ఫోను కాల్ మాటగా గుర్తింపు పొంది వస్తాయి. లైనుకూ గేట్‌వేకూ మధ్య కార్యాలయపు పీబీఎక్స్ (లోపలి ఫోను ఎక్స్ఛేంజి) ఉంటే, అది ఈ గుర్తింపును మార్చకుండా యథాతథంగా దాటించేలా అమర్చి ఉండాలి. మార్చితే వీడియో కాల్ కాస్తా మాట కాల్‌గా మారి, లోపలివారికి అర్థంలేని మోత మాత్రమే వినిపిస్తుంది. వీలైతే గేట్‌వేకు ప్రత్యేకమైన లైను ఇచ్చి, పీబీఎక్స్‌ను మధ్యలో లేకుండా చేయడమే మేలు.

ప్రైమరీ లైనును కలిపేటప్పుడు గడియారపు అమరికను నిర్లక్ష్యం చేయకూడదు. గేట్‌వే తన కాలమానాన్ని టెలిఫోను నెట్‌వర్క్ నుంచే తీసుకోవాలి. రెండు వైపులా ఎవరి గడియారం వారిదైతే కొంతసేపటికొకసారి ఒక ఫ్రేమ్ జారిపోతుంది. మాట కాల్‌లో అది చిన్న టక్కుమనే శబ్దమే, ఎవరూ పట్టించుకోరు. వీడియోలో అయితే చానెళ్ళ మధ్య పొందిక చెదిరి, చిత్రం పగిలిపోయి, మళ్ళీ కుదురుకోవడానికి సమయం పడుతుంది. చిత్రం ఇంచుమించు సమాన వ్యవధుల్లో చెడుతోందంటే ముందుగా అనుమానించవలసింది నెట్‌వర్క్‌ను కాదు, ఈ గడియారాన్నే.

ధ్వని కోడెక్ (ధ్వనిని కుదించి పంపి, అవతల విప్పే పద్ధతి) ఎంపిక వేగాన్ని బట్టి ఉండాలి. జీ.711 వాడితే ధ్వనికే 64 కిలోబిట్లు పోతాయి. 128 కిలోబిట్ల కాల్‌లో చిత్రానికి సగం కూడా మిగలదు. అటువంటి కాల్స్‌కు 16 కిలోబిట్లతో సరిపెట్టుకునే జీ.728 తగినది. 384 కిలోబిట్ల కాల్‌కు స్పష్టమైన ధ్వనినిచ్చే జీ.722ను నిశ్చింతగా వాడవచ్చు. చిత్రం విషయంలో రెండు వైపులా ఒకే కోడెక్ కుదిరేలా చూడాలి. కుదరకపోతే గేట్‌వే చిత్రాన్ని విప్పి మళ్ళీ కూర్చవలసి వస్తుంది, ఆలస్యం పెరుగుతుంది. ఒక వైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణలో ఒకరి మాట మీద మరొకరి మాట పడడం మొదలవుతుంది.

భద్రత గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. లైను మీద వచ్చే కాల్‌ను ఫైర్‌వాల్ చూడదు. అది గేట్‌వే గుండా నేరుగా లోపలి నెట్‌వర్క్‌లోకి దిగుతుంది. బయటినుంచి వచ్చిన వ్యక్తి ఐవీఆర్‌లో ఎక్స్‌టెన్షన్‌కు బదులు 89 నొక్కి, ఆ తరువాత ఏ దూరదేశపు నంబరో నొక్కితే, ఆ కాల్ మన ఖర్చుతో మళ్ళీ బయటికి పోగలదు. అందువల్ల లైను వైపు నుంచి వచ్చిన కాల్‌కు ఏ ప్రిఫిక్స్‌నూ అనుమతించకూడదు. అంతర్జాతీయ కాల్స్‌ను అందరికీ మూసివేసి, అవసరమైన టెర్మినళ్ళకు మాత్రమే తెరవాలి. గేట్‌కీపర్ ద్వారా కాక నేరుగా 1720 పోర్టుకు వచ్చే కాల్స్‌ను గేట్‌వే తిరస్కరించాలి. ఇంకొక మాట: లోపలి టెర్మినల్ తెర మీద తాళం గుర్తు కనిపించినా, అది నెట్‌వర్క్ వైపు సగానికే వర్తించవచ్చు. మామూలు ఫోనుతో ఒకరు చేరిన సమావేశంలో మాట ఆ లైను మీద గుప్తీకరణ లేకుండానే వెళుతుంది; ఈ సంగతిని సమావేశం నడిపేవారికి ముందే చెప్పడం మన బాధ్యత.

ఐఎస్‌డీఎన్ లైన్లను చాలా దేశాల్లో టెలిఫోను సంస్థలు ఉపసంహరిస్తున్నందున, కొత్తగా మొదలుపెట్టేవారికి వాటికి బదులు సిప్ ట్రంక్ (ఐపీ నెట్‌వర్క్ మీద నడిచే టెలిఫోను లైను) దొరకవచ్చు. దాని సంకేతాలకు సాధారణంగా 5060 పోర్టును, గుప్తీకరణ ఉంటే 5061ను వాడతారు. అటువంటి ట్రంక్‌లలో ఎక్కువ భాగం మాటను మాత్రమే మోస్తాయి కనుక, వీడియో కూడా వస్తుందో లేదో ఒప్పందానికి ముందే అడిగి తెలుసుకోవాలి. నంబర్ల పట్టిక, ప్రిఫిక్స్‌ల కట్టుబాటు, బయటికి తిరిగిపోయే కాల్స్ మీద నిషేధం అక్కడా ఇలాగే ఉంటాయి.

పరీక్షలను సగాల వారీగా చేయాలి. మొదట లోపలి రెండు టెర్మినళ్ళ మధ్య, తరువాత గేట్‌వే నుంచి ఒక మామూలు ఫోనుకు, ఆ తరువాత 128 కిలోబిట్ల వీడియో, చివరికి 384. ప్రతి మెట్టు కుదిరాకే తరువాతి మెట్టు ఎక్కాలి. కాల్ తెగినప్పుడు గేట్‌వే లాగ్‌లో కనిపించే కారణపు సంఖ్యను రాసుకోవాలి: 1 అంటే కేటాయించని నంబరు, 16 అంటే మామూలుగా ముగిసిన కాల్, 17 అంటే అవతలివారు బిజీ, 34 అంటే చానెల్ ఖాళీ లేదు, 88 అంటే అవతలి పరికరం ఈ రకం కాల్‌కు సరిపడదు. వీడియో కాల్‌కు 88 వస్తే బేరర్ అమరికను, ప్రిఫిక్స్ లేకుండా పోవలసిన నంబరుకు 1 వస్తే గేట్‌వే తీసివేస్తున్న అంకెలను చూడాలి. ఆఖరి పరీక్షగా ఒక గేట్‌వే చానెళ్ళన్నిటినీ కాల్స్‌తో నింపి, మరొక కాల్ చేయాలి. గేట్‌వే ఒక్కటే ఉంటే ఆ కాల్ 34తో ఆగాలి; రెండుంటే ఏ ఆటంకమూ లేకుండా రెండోదాని మీదికి మళ్ళాలి.