ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్ పాట బ్రిటిష్ రేడియోలో వినిపించాలంటే

బ్రిటన్‌లో ఆల్టర్నేటివ్ రాక్ (ప్రధాన స్రవంతికి భిన్నమైన రాక్ సంగీతం) వాయించే కొత్త బ్యాండ్ ముందుగా తెలుసుకోవలసింది, ఏ స్టేషన్‌లో ఏ పాట వేయాలో ఎవరు నిర్ణయిస్తారన్నది. పగటి కార్యక్రమాల పాటలను ఎక్కువగా స్టేషన్‌వారి ప్లేలిస్ట్ (వేయబోయే పాటల జాబితా) సమావేశాలే ఖరారు చేస్తాయి. సాయంత్రం, రాత్రి వేళల్లో కొత్త సంగీతం కోసమే నడిచే కార్యక్రమాల్లో మాత్రం ఎంపిక చాలావరకు ప్రెజెంటర్‌, ప్రొడ్యూసర్‌ల చేతిలో ఉంటుంది. అందువల్ల మొదట్లో పగటి ప్లేలిస్ట్ మీద ఆశ పెట్టుకోకుండా, మీ సంగీతాన్ని పోలిన పాటలు వేసే రాత్రి కార్యక్రమాలను కొన్ని వారాలపాటు శ్రద్ధగా విని, వాటిలో మీకు సరిపోయేవి ఎంచుకోవాలని నా సలహా.

మొదటి మెట్టు బీబీసీ ఇంట్రడ్యూసింగ్. 2007లో మొదలైన ఈ వేదికలో ఇంకా పేరు రాని సంగీతకారులు తమ పాటను అప్‌లోడ్ చేస్తే, వారిచ్చిన పోస్ట్‌కోడ్‌ను బట్టి అది ఆ ప్రాంతపు స్థానిక కార్యక్రమానికి చేరుతుంది. అక్కడివారికి నచ్చిన పాటలు బీబీసీ జాతీయ స్టేషన్లైన రేడియో 1కు, 6 మ్యూజిక్‌కు, ఒక్కోసారి గ్లాస్టన్‌బరీ, రెడింగ్ సంగీత ఉత్సవాల్లోని ఇంట్రడ్యూసింగ్ వేదికలకు కూడా సిఫారసు అవుతాయి. స్థానిక ప్రెజెంటర్ మీ కచేరీకి వచ్చి వినగలిగే ఊరిలో ఉండటం పెద్ద బలం కనుక, పోటీ విపరీతంగా ఉండే లండన్ కంటే సొంత ఊరి నుంచి మొదలుపెట్టడమే మేలు. బ్రిటన్‌లో పెరిగిన తెలుగు యువత ఉన్న బ్యాండ్ అయినా, దక్షిణాసియా మూలాలున్న శ్రోతల కోసం నడిచే బీబీసీ ఏషియన్ నెట్‌వర్క్‌కే పరిమితం కానవసరం లేదు. వాయించేది గిటార్ రాక్ అయితే దాన్ని ఇష్టపడే శ్రోతలు 6 మ్యూజిక్‌లో ఎక్కువగా ఉంటారు.

పంపే పాట ఒక్కటే అయి ఉండాలి, అది మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచిది కావాలి. నిడివి మూడు, మూడున్నర నిమిషాలకు మించకుండా, పల్లవి త్వరగా వచ్చేలా, బూతు మాటలు లేకుండా రేడియో కోసం వేరే కూర్పు సిద్ధం చేసుకోండి. రేడియోహెడ్ బ్యాండ్ తన ‘క్రీప్’ పాటలో ఒక్క మాట మార్చి రేడియో కూర్పు చేసింది. అయినా 1992లో అది మరీ దిగులుగా ఉందని రేడియో 1 దాన్ని పెద్దగా వినిపించలేదు; ఇజ్రాయెల్‌లోను, తర్వాత అమెరికా పశ్చిమ తీరంలోను రేడియోల ద్వారా ఆదరణ పొందాక, 1993లో మళ్లీ విడుదలై బ్రిటిష్ చార్టులో 7వ స్థానానికి చేరింది. కాబట్టి స్వదేశంలో తలుపు తెరుచుకోకపోతే విదేశీ స్టేషన్లకూ పంపండి.

కార్యక్రమాలకు పంపే ఈమెయిల్ పాట విడుదలకు నాలుగు నుంచి ఆరు వారాల ముందు వెళ్లాలి. అందులో పాట లింకు, విడుదల తేదీ, ఊరు, రాబోయే కచేరీలు, ఆ కార్యక్రమానికే ఈ పాట ఎందుకు తగినదో చెప్పే రెండు వాక్యాలు చాలు. ప్లగ్గర్లను (పాటను వేయమని స్టేషన్లను ఒప్పించేవారిని) డబ్బిచ్చి పెట్టుకోవడం ఈ దశలో తొందరపాటే.

అసలైన అండ సెషన్‌తో మొదలవుతుంది; అంటే రేడియో కోసమే స్టూడియోలో ప్రత్యేకంగా వాయించడంతో. రికార్డులను రోజుకు ఇన్ని గంటలకు మించి ప్రసారం చేయకూడదన్న ఒప్పందం 1988 దాకా బీబీసీని కట్టడి చేయడంతో, బ్యాండ్లను స్టూడియోకు పిలిచి ప్రత్యేకంగా వాయింపజేయడం అక్కడ ఆనవాయితీ అయింది. 1967 నుంచి 2004లో మరణించేదాకా రేడియో 1లో ప్రెజెంటర్‌గా పనిచేసిన జాన్ పీల్ ఈ పద్ధతిని ఒక కళగా మార్చారు. బ్యాండ్ సాధారణంగా ఒక్క రోజులో నాలుగు పాటలు రికార్డు చేసేది. షెఫీల్డ్‌కు చెందిన పల్ప్ గాయకుడు జార్విస్ కాకర్ బడిలో చదువుతుండగానే పీల్ చేతికి డెమో (నమూనా పాటల) క్యాసెట్ ఇచ్చి 1981లో సెషన్ సంపాదించాడు, కానీ ఆ బ్యాండ్‌కు దేశవ్యాప్త కీర్తి వచ్చింది 1995లో. ద స్మిత్స్ బ్యాండ్ 1984లో విడుదల చేసిన సంకలనంలో చాలా పాటలు బీబీసీ సెషన్లలో రికార్డయినవే, వాటిలోని పచ్చిదనాన్ని ఇష్టపడే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి మీకు పిలుపు వచ్చినప్పుడు రికార్డులో ఉన్నదాన్నే తిరిగి వాయించకండి: ఒక పాటను తక్కువ వాయిద్యాలతో మార్చి కూర్చండి, ఒక కొత్త పాట చేర్చండి, చిన్న గదిలో డ్రమ్స్ గొంతును మింగేయకుండా వాయించడం సాధన చేయండి, మధ్యలో ప్రెజెంటర్‌తో ఎవరు మాట్లాడాలో ముందే నిర్ణయించుకోండి.

ప్రసారానికి ముందే పాట రచన, స్వరకల్పన వివరాలను రాయల్టీ వసూలు చేసే సంస్థ పీఆర్‌ఎస్‌లోను, రికార్డింగ్ వివరాలను అలాంటిదే అయిన పీపీఎల్‌లోను నమోదు చేయండి. మొదటిది పాట కట్టినవారికి, రెండోది వాయించినవారికి, రికార్డింగ్ హక్కుదారులకు రాయల్టీ చెల్లిస్తుంది. కనుక పాట రాయని డ్రమ్మర్, బేస్ వాద్యకారుడు కూడా పీపీఎల్‌లో తమ పేర్లు విడివిడిగా నమోదు చేయించుకోవాలి.