బయోస్ అప్‌డేట్‌కి ముందు రికవరీ కీ చేతిలో పెట్టుకోండి

విండోస్ 11 లాప్‌టాప్ వాడేవాళ్లలో చాలామందికి తమ డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి (డేటా అంతా తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మారి) ఉందన్న సంగతే తెలియదు. వాళ్లు ఆన్ చేయలేదు, చేయమంటారా అని ఎవరూ అడగనూ లేదు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా విండోస్ వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే చాలు, హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ చాలా మెషీన్లలో తనంతట తానే ఆన్ అవుతుంది. ఇది మంచి విషయమే. లాప్‌టాప్ బస్సులో పోయినా, దొరికినవాడు మన ఫైళ్లు తెరవలేడు. చిక్కల్లా ఎక్కడంటే, ఒక రోజు బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేశాక నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ దొరక్కపోతే ఫొటోలు, ప్రాజెక్ట్ ఫైళ్లు, ఆఫీసు కాగితాలు అన్నీ పోయినట్టే. మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌కి ఫోన్ చేసినా పోయిన కీని వాళ్లు తిరిగి తయారు చేసి ఇవ్వలేరు.

ఇప్పుడే ఇదంతా ఎందుకంటే, బయోస్ అప్‌డేట్లు వరసగా వచ్చే కాలం ఇది. విండోస్ కంప్యూటర్లలో సెక్యూర్ బూట్‌కి (నమ్మదగిన ప్రోగ్రామ్‌లతోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే ఏర్పాటుకి) ఆధారమైన సర్టిఫికెట్లు 2011లో ఇచ్చినవి. వాటి గడువు 2026 జూన్ నుంచి ఒక్కొక్కటిగా తీరుతుంది. గడువు తీరినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు, కంగారు అక్కర్లేదు. కానీ కొత్త సర్టిఫికెట్లు ఎక్కించడానికి కొన్ని మోడళ్లకు తయారీదారు ఇచ్చే బయోస్ అప్‌డేట్ కూడా కావాలి. ఇన్నేళ్లూ బయోస్ జోలికి వెళ్లనివాళ్లు కూడా ఇప్పుడు ఆ బటన్ నొక్కాల్సి వస్తుంది.

కీ ఎందుకు అడుగుతుందో కాస్త తెలిస్తే మిగతాదంతా సులువు. డ్రైవ్‌ని తెరిచే తాళంచెవి మదర్‌బోర్డు మీద గానీ ప్రాసెసర్‌లో గానీ ఉండే టీపీఎం అనే భద్రతా భాగం దగ్గర భద్రంగా ఉంటుంది. లాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ బయోస్, సెక్యూర్ బూట్ సెట్టింగ్, బూట్ అయ్యే ప్రోగ్రామ్ నిన్నటిలాగే ఉన్నాయా అని కంప్యూటర్ లెక్క చూసుకుంటుంది. లెక్క కుదిరితేనే టీపీఎం తాళంచెవి వదులుతుంది. బయోస్ మారినా, ఉబుంటు అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామని సెక్యూర్ బూట్ ఆపినా, మదర్‌బోర్డు మార్చినా ఆ లెక్క తప్పొచ్చు. అప్పుడు మీరే అసలు యజమాని అని రుజువు చూపమంటుంది. ఆ రుజువే రికవరీ కీ.

మొదట మీ డ్రైవ్ సంగతి చూసుకోండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్తే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. ప్రో ఎడిషన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ కూడా కనిపిస్తుంది (విండోస్‌లో డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే ఏర్పాటు పేరే బిట్‌లాకర్). ఆన్‌లో ఉంటే ఆ రోజు మీ అసలు పని కీ వెతకడమే.

సొంత లాప్‌టాప్ అయితే కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఫోన్‌లోని బ్రౌజర్‌లో ఆ అకౌంట్ తెరిచి, డివైసెస్ కింద మీ లాప్‌టాప్ పేరు దగ్గర రికవరీ కీస్ చూడండి. కంపెనీ లేదా కాలేజీ ఇచ్చిన అకౌంట్ అయితే కీ వాళ్ల ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. శుక్రవారం సాయంత్రం అప్‌డేట్ పెట్టుకుని సోమవారం దాకా వాళ్ల కోసం ఎదురుచూసే పరిస్థితి తెచ్చుకోకండి.

మన ఇళ్లలో ఎక్కువగా చిక్కొచ్చేది ఇక్కడే. లాప్‌టాప్ కొన్న రోజు షాపులో కుర్రాడు అప్పటికప్పుడు ఏదో ఒక మెయిల్ ఐడీ సృష్టించి సెటప్ చేసి ఇచ్చేస్తాడు. లేదంటే అమెరికా నుంచి సెలవులకు వచ్చిన అబ్బాయి నాన్న లాప్‌టాప్‌ని తన అకౌంట్‌తో సెటప్ చేసి వెళ్తాడు. తర్వాత పిన్ నంబర్ కొట్టి వాడుకోవడమే కాబట్టి ఏ అకౌంట్‌తో మొదలైందో ఎవరికీ గుర్తుండదు. కీ మాత్రం ఆ మొదటి అకౌంట్‌లోనే ఉండిపోతుంది. అందుకే లాప్‌టాప్ బాగా పనిచేస్తున్నప్పుడే అది ఏ అకౌంటో తేల్చుకోండి, పాస్‌వర్డ్ పనిచేస్తోందా, ఓటీపీ వచ్చే నంబర్ ఇంకా మీ దగ్గరే ఉందా చూడండి. పాత సిమ్‌కి వెళ్లే ఓటీపీ ఎన్ని గంటలు కూర్చున్నా మీకు రాదు.

కీ కనిపించగానే పనైపోయిందనుకోవద్దు. ఒకే అకౌంట్‌లో పాత లాప్‌టాప్ కీ, విండోస్ మళ్లీ వేయకముందున్న కీ, డి డ్రైవ్ కీ అన్నీ వరసగా ఉండొచ్చు. సి డ్రైవ్‌కీ డి డ్రైవ్‌కీ కీలు వేరువేరు. ప్రతి కీ పక్కన కీ ఐడీ ఉంటుంది. నీలం తెర మీద కూడా అదే ఐడీ కనిపిస్తుంది, దాని మొదటి ఎనిమిది అక్షరాలు చూసి జత కలపాలి. లాప్‌టాప్ నడుస్తుండగానే ఇది సరిచూడొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మేనేజ్-బీడీఈ (manage-bde) కమాండ్‌తో సి డ్రైవ్ ప్రొటెక్టర్లు, అంటే ఆ డ్రైవ్‌ని తెరిచే మార్గాలు, చూపించమంటే ఐడీ, 48 అంకెలు రెండూ తెర మీదే వస్తాయి. హోమ్ ఎడిషన్‌లో కూడా ఈ కమాండ్ పనిచేస్తుంది.

ఆ అంకెల్ని కాగితం మీద ప్రింట్ తీయండి, లేదా శుభ్రంగా చేత్తో రాయండి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా రాస్తే తర్వాత కొట్టేటప్పుడు తడబడరు. పైన కీ ఐడీ, లాప్‌టాప్ మోడల్, తేదీ వేసి ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి. పీడీఎఫ్ చేసి అదే లాప్‌టాప్ డి డ్రైవ్‌లో దాస్తే ఉపయోగం లేదు. లాప్‌టాప్ బ్యాగ్‌లో మడిచి పెట్టడం అంతకన్నా నష్టం, బ్యాగ్ పోతే దొంగకు రెండూ దొరుకుతాయి.

కీ ఎంత పక్కాగా ఉన్నా, ముఖ్యమైన ఫైళ్లు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించాకే బయోస్ ముట్టుకోండి. డ్రైవే చెడిపోతే కీ ఏం చేస్తుంది?

తర్వాత బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయాలి. పూర్తిగా ఆఫ్ చేస్తే డ్రైవ్ మొత్తం డీక్రిప్ట్ అవుతుంది, దానికి గంటలు పట్టొచ్చు. సస్పెండ్ చేస్తే డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, తాళంచెవిని మాత్రం తాత్కాలికంగా డ్రైవ్ మీదే తెరిచి ఉంచుతుంది. బయోస్ మారినా కీ అడక్కుండా బూట్ అవుతుంది. ప్రో ఎడిషన్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోనే సస్పెండ్ ప్రొటెక్షన్ ఉంటుంది. హోమ్‌లో పైన చెప్పిన కమాండ్‌తోనే చేయాలి. ఒకటి గుర్తుంచుకోండి: మామూలుగా సస్పెండ్ చేస్తే ఒక్క రీస్టార్ట్‌కే మళ్లీ ఆన్ అయిపోతుంది. బయోస్ అప్‌డేట్ కొన్ని మెషీన్లలో రెండు మూడు సార్లు రీస్టార్ట్ చేస్తుంది. కమాండ్‌లో రీబూట్ కౌంట్ సున్నా అని ఇస్తే మీరు ఆన్ చేసేదాకా సస్పెండ్‌లోనే ఉంటుంది. కొన్ని కంపెనీల అప్‌డేట్ ప్రోగ్రామ్‌లు ఈ పని తామే చేస్తాయి, అయినా మీరు చేసుకోవడమే మేలు.

ఇంకో చిన్న పనికి చాలా విలువుంది. బయోస్‌లోకి వెళ్లి ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీయండి. ముఖ్యంగా సెక్యూర్ బూట్, బూట్ ఆర్డర్, టీపీఎం, స్టోరేజ్ మోడ్ ఉన్న పేజీలు. అప్‌డేట్ తర్వాత సెట్టింగ్‌లు ఫ్యాక్టరీ స్థితికి మారిపోవచ్చు. ఇంటెల్ మెషీన్లలో వీఎండీ అనే స్టోరేజ్ సెట్టింగ్ తారుమారైతే కీ అడిగే తెర రాదు, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అనే ఎర్రర్ వస్తుంది. చాలామంది దాన్ని చూసి డ్రైవ్ పోయిందనుకుని ఫార్మాట్‌కి సిద్ధపడతారు. ఫొటో చూసి ఆ సెట్టింగ్ వెనక్కి మారిస్తే చాలాసార్లు విండోస్ మామూలుగా లేస్తుంది.

చార్జర్ పెట్టి, బ్యాటరీ సగానికి పైగా ఉన్నాకే మొదలుపెట్టండి. ఉరుములు మెరుపులతో వాన పడే సాయంత్రం వద్దు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా అసలు వద్దు. పెన్‌డ్రైవ్‌లు, డాక్ తీసేయండి. రేపు ప్రాజెక్ట్ సబ్మిషనో కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల ఆఖరి తేదీయో ఉంటే వాయిదా వేసుకోండి.

ఏఎండీ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అప్‌డేట్ తర్వాత నల్ల తెర మీద ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) గురించి ఇంగ్లిష్‌లో నాలుగు వరసల మెసేజ్ రావచ్చు. వై నొక్కితే ఎఫ్‌టీపీఎం రీసెట్ అవుతుంది, ఎన్ నొక్కితే పాతదే ఉంచుతుంది. వై నొక్కితే రికవరీ కీ లేకుండా బూట్ కాదని ఆ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. అలవాటుగా వై నొక్కేయకండి. కీ చేతిలో లేకపోతే ఎన్ నొక్కండి.

ఇన్ని చేసినా నీలం తెర వచ్చిందనుకోండి. టెన్షన్ పడొద్దు. కీ ఐడీ సరిచూసుకుని అంకెలు కొట్టండి. నంబర్ కీలు పనిచేయకపోతే ఎఫ్1 నుంచి ఎఫ్10 దాకా వాడొచ్చు, సున్నాకి ఎఫ్10. ప్రతి ఆరంకెల గుంపూ 11తో భాగించబడేలా తయారవుతుంది కాబట్టి, ఏ గుంపులోనైనా ఒక అంకె తప్పు కొడితే అక్కడే పట్టుకుంటుంది. కీ దొరక్కపోతే చివరగా ఏం మార్చారో అది వెనక్కి మార్చి చూడండి. సెక్యూర్ బూట్ ఆపి ఉంటే మళ్లీ ఆన్ చేయండి, బూట్ ఆర్డర్ సరిచేయండి. టీపీఎం చెరిగిపోకపోతే లెక్క కుదిరి కీ అడక్కుండానే తెరుచుకునే అవకాశం ఉంది. రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్, క్లియర్ టీపీఎం, ఈ మూడింటినీ మాత్రం తాకవద్దు.

కీ ఉండి విండోస్ చెడిపోయినా డేటా పోదు. డ్రైవ్ తీసి ఇంకో విండోస్ కంప్యూటర్‌కి కలిపితే అక్కడ అదే కీ అడుగుతుంది, ఇస్తే ఫైళ్లు కనిపిస్తాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఇచ్చిన అప్‌డేట్ లోపంతో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు ఆగిపోయి, హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చిన రోజు, ఐటీ వాళ్లు పడ్డ పాట్లలో ఇదొకటి: బాగుచేయడానికి తీయాల్సింది ఒక్క ఫైలే అయినా, బిట్‌లాకర్ ఉన్న మెషీన్లలో ముందు కీ కొట్టాల్సి వచ్చింది.

లాప్‌టాప్‌ని సర్వీస్ సెంటర్‌కి ఇస్తుంటే, "డేటా కావాలి, ఫార్మాట్ చేయవద్దు" అని జాబ్ షీట్ మీద రాయించండి. మదర్‌బోర్డు మారిస్తే పాత టీపీఎం పోయినట్టే, కీ తప్పనిసరి. కీ వాళ్లకు చెప్పాల్సి వస్తే, లాప్‌టాప్ ఇంటికొచ్చాక పాత రికవరీ ప్రొటెక్టర్‌ని తీసేసి కొత్తది సృష్టించుకోండి, కాగితం మీదా మార్చుకోండి.

అంతా సవ్యంగా బూట్ అయ్యాక ప్రొటెక్షన్ రెజ్యూమ్ చేయండి. సస్పెండ్‌లో వదిలేస్తే డ్రైవ్ ఎవరికైనా తెరుచుకుంటుంది. ప్రతి రీస్టార్ట్‌కీ కీ అడుగుతూనే ఉంటే ఒకసారి సస్పెండ్ చేసి మళ్లీ రెజ్యూమ్ చేయండి, టీపీఎం కొత్త లెక్కకు ముడిపడుతుంది. తర్వాత షట్‌డౌన్ చేసి, ఆన్ చేసి, కీ అడక్కుండా డెస్క్‌టాప్ దాకా వచ్చిందని చూసుకున్నాకే ఆ కాగితాన్ని తిరిగి బీరువాలో పెట్టండి.